మోటారు కొనేది ఒకరు, కరెంటు కట్టేది ఇంకొకరు
తెలంగాణ రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి ఒక రాణిగంజ్ వ్యాపారి బహిరంగ లేఖ

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్

గౌరవనీయులైన మంత్రి గారికి,



రాంగోపాల్‌పేట్ పరిధిలోని రాణిగంజ్‌లో పంపుసెట్లు, మోటార్లు అమ్ముకుని బతికే చిన్న వ్యాపారిని నేను. ముప్పై ఏళ్లుగా ఇదే గల్లీ, ఇదే షట్టరు. మా బజారు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బోరు మోటారు కావాలన్నా, బేరింగు, వాల్వు, పైపు, బోల్టు ఏది కావాలన్నా జిల్లాల నుంచి బస్సెక్కి ఇక్కడికే వస్తారు. పొద్దున కాలిపోయిన సామాను సంచిలో వేసుకుని దిగిన మనిషి, సాయంత్రానికి కొత్త సరుకు ట్రాలీ ఆటోలో వేయించుకుని ఊరి దారి పడతాడు.

చిన్న దుకాణాలు కూడా తమ కార్బన్ పాదముద్ర తగ్గించుకోవాలని ఈ మధ్య సభల్లోనూ పేపర్లలోనూ చెబుతున్నారు. ఆ మాట నేను మనసుకు తీసుకున్నాను. నిరుడు కూర్చుని నా దుకాణం లెక్క నేనే వేసుకున్నాను. ఆ లెక్కలో కొంత నా చేతిలో ఉంది, అది చేశాను. కొంత మీ చేతిలో ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా దుకాణం సంగతి. మాకు నెలకు 600 యూనిట్ల కరెంటు కాలేది. మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనక సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అంటే ఏడాదికి నా మీటరు మీద సుమారు 5 టన్నులు. సరుకు జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి దాకా చేర్చే ట్రాలీలు ఏడాదికి 900 లీటర్ల డీజిలు తాగేవి. లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోలు. అది మరో 2.4 టన్నులు. అంతా కలిపి నా దుకాణం బరువు ఏడున్నర టన్నులు.

తగ్గించడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో బిల్లే చెప్పింది. మా దుకాణంలో పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా దీపాలు వెలగాల్సిందే, ఎండ లోపలికి రాదు. చోకులున్న పాత ట్యూబ్‌లైట్లు ఇరవై ఉండేవి. వాటి చోట ఎల్‌ఈడీలు పెట్టాను. 75 వాట్లు తినే ఆరు ఫ్యాన్లు తీసి, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించాను. రెండూ కలిపి 23 వేల రూపాయలు ఖర్చయింది. బిల్లు 600 యూనిట్ల నుంచి 380కి దిగింది. మా కమర్షియల్ స్లాబులో యూనిట్ పది రూపాయల చుట్టూ ఉంటుంది కాబట్టి పెట్టిన డబ్బు ఏడాది తిరక్కముందే వచ్చేసింది. లోపలి గదిలోని ఏసీని 26 డిగ్రీల మీద పెట్టి, పక్కన ఒక ఫ్యాను తిప్పడం అలవాటు చేసుకున్నాం.

తర్వాత ట్రాలీల సంగతి. ఒక పంపు ఇవ్వడానికి ఒక ట్రాలీ, గంట తర్వాత అదే దారిలో పక్క దుకాణం వాల్వు ఇవ్వడానికి ఇంకో ట్రాలీ. ముప్పై ఏళ్లు ఇలాగే చేశాం. ఇప్పుడు మా గల్లీలో నలుగురం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. బాలానగర్, జీడిమెట్ల వైపు మధ్యాహ్నం ఒక బండి, చర్లపల్లి వైపు సాయంత్రం ఒక బండి. తొందరగా కావాలన్న వాళ్లకు తప్ప విడిగా పంపం. నా వాటా డీజిలు 500 లీటర్లకు వచ్చింది. కిరాయి ఖర్చు కూడా తగ్గింది. సరుకుతో వచ్చే చెక్క పెట్టెలు, అట్టలు పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుతున్నాం.

మొత్తం మీద ఏడాదికి మూడు టన్నుల దాకా తగ్గించాను. ఇందులో నేను పడ్డ కష్టం ఏమీ లేదు. ఈ పని ఎప్పుడో చేయాల్సింది. ఏ చిన్న వ్యాపారి అయినా ఈ లెక్క వేసుకోవచ్చు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిలు చిట్టీలు, ఒక క్యాలిక్యులేటర్ చాలు.

అయితే లెక్క అక్కడితో ఆపలేకపోయాను. అమ్మకాల పుస్తకం తెరిచి, నేను అమ్మే సరుకు వైపు కూడా ఒకసారి చూశాను.

ఒక ఐదు హెచ్‌పీ మోటారు తీసుకోండి. ఏ చిన్న వర్క్‌షాపులోనో రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు నిండు లోడు మీద తిరిగిందనుకుందాం. అది పది వేల యూనిట్లు తింటుంది. అంటే ఏడు టన్నుల బొగ్గుపులుసు వాయువు. మార్పులన్నీ చేయకముందు నా దుకాణం ఏడాదంతా వదిలినదీ, నేను అమ్మిన ఒక్క మోటారు ఏడాదిలో వదిలేదీ దాదాపు సమానం! అలాంటి మోటార్లు నేను ఏటా వందల్లో అమ్ముతాను. ఒక్కోటి పది, పదిహేనేళ్లు తిరుగుతుంది. ఆ రాత్రి ఈ అంకెలు చూసి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. నా ఫ్యాన్లు, నా దీపాలు ఈ లెక్క పక్కన చిల్లర.

అదే ఐదు హెచ్‌పీలో తరగతులున్నాయి. నేమ్‌ప్లేటు మీద ఐఈ2, ఐఈ3, ఐఈ4 అని ఉంటుంది. ఐఈ2 మోటారు తీసుకున్న కరెంటులో 86 శాతం పైచిలుకు పనిగా మారుస్తుంది. ఐఈ3 అయితే 88 శాతం పైన, ఐఈ4 దాదాపు 91 శాతం. చూడ్డానికి చిన్న తేడా. కానీ పైన చెప్పిన వాడకంలో ఐఈ2కి, ఐఈ4కి మధ్య ఏడాదికి 500 యూనిట్ల తేడా వస్తుంది. నాలుగైదు సార్లు కాలి, రివైండింగ్ చేసిన పాత మోటారు సామర్థ్యం 80 శాతానికి పడిపోయిందనుకోండి, ఐఈ3తో పోలిస్తే ఏడాదికి వెయ్యి యూనిట్లు ఎక్కువ తింటుంది. కాలిన వైండింగును ఊడదీయడానికి మంట పెడతారు. ఆ వేడికి లోపలి ఇనుప రేకులు (స్టాంపింగులు) దెబ్బతింటాయి. అసలున్న గేజీ దొరక్క సన్న రాగి తీగ చుడతారు. మోటారు మళ్లీ తిరుగుతుంది కాబట్టి బాగయిందనుకుంటాం. తిరిగిన ప్రతి గంటా అది ఎంత ఎక్కువ తింటోందో మీటరుకే తెలుసు.

మరి జనం మంచి మోటారు ఎందుకు కొనరు? ఈ ప్రశ్నకు జవాబు మీకు మీ ఆఫీసు కంటే నా కౌంటరు దగ్గర బాగా దొరుకుతుంది.

పోయిన ఎండాకాలం జనగామ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. బోరు మోటారు కాలిపోయింది, పంట ఎండుతోంది. "సేటూ, సస్తల ఏదున్నదో గది ఇయ్యి. జల్ది పోవాలె" అన్నాడు. కరెంటు తక్కువ తినే ఫైవ్ స్టార్ పంపు చూపించాను. ధర విని, "కరెంటు బిల్లు నాకెట్లా రాదు గదా, గింత ఎందుకు పెట్టాలె?" అని అడిగాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఉంది. అది రైతుకు దక్కాల్సిందే. నేను దాన్ని వేలెత్తి చూపడం లేదు. నేను చెప్పేది ఒక్కటే. మోటారు కొనేది రైతు, దాని కరెంటు ఖర్చు భరించేది మీరు. సస్త మోటారు కొంటే రైతుకు ఆ రోజు మిగులుతుంది, మీకు పదేళ్లు పోతుంది. ఈ రెండు లెక్కలూ ఎదురుపడే చోటు నా కౌంటరు ఒక్కటే. అక్కడ మీ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరుదీ ఇదే కథ. నీళ్ల ట్యాంకు మోటారు కొనేది ఆయన. దాని బిల్లు నెలనెలా మెయింటెనెన్సులో కట్టేది ఇళ్లు కొనుక్కున్నవాళ్లు. ఆయన చౌకది అడుగుతాడు.

చివరికి నా కథా ఇదే. దీపాలు, ఫ్యాన్లు మార్చాక నా వాడకం 380 యూనిట్లకు వచ్చిందని చెప్పాను కదా. మన ఎండకు ఒక కిలోవాటు సోలార్ ప్యానెల్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు. నా అవసరం దాదాపు తీరిపోతుంది. కానీ పైకప్పు నాది కాదు. మా భవనంలో కింద పైన కలిపి ఆరుగురం కిరాయిదారులం. అందరివీ పదకొండు నెలల అగ్రిమెంట్లు. పదకొండు నెలల కాగితం మీద నిలబడి, పాతికేళ్లు పనిచేసే ప్యానెల్ ఎవరు బిగిస్తారు? ఓనరు పెట్టడు, ఆయన బిల్లు కట్టడు కాబట్టి. నేను పెట్టను, కప్పు నాది కాదు కాబట్టి. పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల రూపాయల దాకా వచ్చే సబ్సిడీ ఇళ్లకే. మా బజారులో కొత్త భవనాలున్నాయి, పాత పెంకుటిళ్లున్నాయి, రేకుల గోదాములున్నాయి. వాటి కప్పుల మీద రోజంతా ఎండ పడి ఊరికే పోతోంది. ఆ కింద మేం పట్టపగలు దీపాలు వేసుకుని కూర్చుంటాం.

రైతు, బిల్డరు, కిరాయిదారు, మూడు చోట్లా ఒకే చిక్కు. డబ్బు పెట్టాల్సింది ఒకరు, మిగిలేది మరొకరికి. ఇద్దరినీ కలిపే మనిషి లేడు. ఆ ఖాళీలోంచే పొగ లేస్తోంది.

ఆ పొగ మా పెద్దల కాలంలో కళ్లముందే ఉండేది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం కట్టారు. మా బజారు ట్యాంక్‌బండ్‌కు ఈ కొసన, ఆ కేంద్రం ఆ కొసన. 1990లలో దాన్ని తీసేశారు. ఆ నేల మీద ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది. ఇప్పుడు మన బొగ్గు రామగుండంలో, కొత్తగూడెంలో, భూపాలపల్లిలో, దామరచర్లలో మండుతోంది. పొగ అక్కడికి పోయింది, స్విచ్చు ఇక్కడే ఉంది. నేను ఇక్కడ స్విచ్చు వేస్తే అక్కడ ఎవరి పిల్లల మంచం మీదో బూడిద పడుతుంది. ఆ ఊళ్ల నుంచి కూడా మా దగ్గరికి మోటార్ల కోసం వస్తారు. వాళ్లకు సరుకు అమ్మేటప్పుడు ఇప్పుడు నాకు ఇది గుర్తొస్తోంది.

అందుకే మిమ్మల్ని కొన్ని సంగతులు అడుగుతున్నాను.

మొదటిది, మోటారు మార్పిడి. పాత మోటారు తెచ్చి ఇచ్చినవాళ్లకు, ఫైవ్ స్టార్ పంపుకూ మామూలు పంపుకూ మధ్య ఉన్న ధర తేడాలో కొంత మీరు భరించండి. ఉచిత కరెంటులో మీకు ఏటా మిగిలే డబ్బులోంచే అది వస్తుంది. ఆ తగ్గింపు మా బిల్లు మీదే, మా కౌంటరు దగ్గరే రైతుకు అందాలి. దరఖాస్తు పట్టుకుని తిరిగే తీరిక పంట ఎండుతున్న మనిషికి ఉండదు. పాత మోటారును మాత్రం తప్పకుండా తుక్కు చేయించండి. లేకపోతే అది మళ్లీ రివైండింగ్ అయి ఇంకొకరి బోరులోకి దిగుతుంది, పొదుపు అక్కడితో సరి. ఎల్‌ఈడీ బల్బుల విషయంలో ఇలాంటిది జరిగింది కదా. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బు 310 రూపాయలకు కొన్నది, పెద్దమొత్తంలో కొనడం మొదలుపెట్టాక రెండు మూడేళ్లలో ఆ ధర 40 రూపాయల లోపుకు దిగింది. 2015లో మొదలైన ఉజాలా పథకం ఊరూరా బల్బులు మార్చింది. బల్బుకు సాధ్యమైంది మోటారుకూ సాధ్యమే.

రెండోది, మాకు చదువు చెప్పించండి. ఉచిత కరెంటు వచ్చిన కొత్తలో, 2004 తర్వాత, ప్రభుత్వం రైతులను కెపాసిటర్ పెట్టమంది, ఐఎస్‌ఐ మార్కు పంపు, నీటికి ఒరిపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, నునుపు పీవీసీ పైపు వాడమంది. ఆ సరుకంతా మా బజారు నుంచే ఊళ్లకు వెళ్లింది. కానీ అది ఎందుకు పెట్టాలో రైతుకు చెప్పమని అప్పుడు మాకు ఎవరూ నేర్పలేదు. మేం డబ్బాలు అమ్మాం. ఇప్పుడైనా ఇంధన పొదుపు నిపుణులను మా బజారుకు పంపండి. బోరు లోతెంత, నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఎన్ని అంగుళాల పైపు అని మూడు ప్రశ్నలు అడిగి లెక్క కడితే, ఏడున్నర హెచ్‌పీ అడిగిన రైతుకు చాలాసార్లు ఐదు సరిపోతుంది. ఎక్కువ హెచ్‌పీ అమ్మితే నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. అయినా ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. మా గుమాస్తాలు కూడా అడిగేలా తెలుగులో ఒక పేజీ లెక్కల పట్టిక ఇవ్వండి, ప్రతి దుకాణం గోడ మీదా అంటించుకుంటాం.

మూడోది, కిరాయిదారుకు సోలార్. మా కప్పు మాది కాకపోయినా, పదిమంది దుకాణదారులు కలిసి వేరే చోట ప్యానెళ్లు పెట్టుకుని, అక్కడ పుట్టిన యూనిట్లను తలా ఇంత అని ఎవరి మీటరులో వాళ్లు తగ్గించుకునే పద్ధతి కావాలి. ఉత్పత్తి ఒకచోట, బిల్లులో తగ్గింపు పలుచోట్ల ఉండే ఈ పద్ధతికి ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు రాసింది. మన రాష్ట్రం 2025 జనవరిలో స్వచ్ఛ, హరిత ఇంధన విధానం తెచ్చుకుంది, 2030 నాటికి 20 వేల మెగావాట్లు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ పెద్ద అంకెలో మా గల్లీ దుకాణాలకు మూడేసి కిలోవాట్లు రాసిపెట్టండి. దుకాణం మారినా మా వాటా మాతోపాటే కొత్త మీటరుకు రావాలి. అప్పుడు పదకొండు నెలల అగ్రిమెంటు అడ్డం రాదు.

నాలుగోది, కప్పులు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని అందులో రాసుకుంది. డాబా మీద సున్నం కొట్టడం మన పెద్దలకు తెలిసిన పనే. రేకుల గోదాముల్లో మే నెలలో మధ్యాహ్నం మా హమాలీలు ఎలా పనిచేస్తున్నారో ఒకసారి వచ్చి చూడండి. మేం నిరుడు పై అంతస్తు కప్పుకు తెల్ల పూత వేయించాం. మధ్యాహ్నం పైన సామాను దించే మనిషి, ఇప్పుడు కాస్త నిలబడగలుగుతున్నానని అన్నాడు. ఏసీలు లేని చోట చల్లదనమంటే కరెంటు పొదుపు ఒక్కటే కాదు, ఒంటికి దక్కే మేలు కూడా. రాణిగంజ్ రేకుల కప్పులన్నిటికీ ఒక్క ఎండాకాలంలో తెల్ల పూత వేయించవచ్చు. సగం మేం పెట్టుకుంటాం.

అయిదోది, ట్రాలీలు. విద్యుత్ వాహనాలకు, సరుకు మోసే మూడు చక్రాల బండ్లు సహా, 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము లేకుండా 2024 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. కానీ మా ట్రాలీ డ్రైవర్లు బస్తీల్లో చిన్న కిరాయి గదుల్లో ఉంటారు, ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. బండి ఎక్కువసేపు ఆగేది మా బజారులో, సరుకు ఎక్కేటప్పుడే. చార్జింగ్ ఆ చోటే ఉండాలి. పన్ను మాఫీ గడువు దాటాక కూడా కనీసం సరుకు బండ్లకు పొడిగించండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైనున్న హోటల్లో ఎనిమిది మంది చనిపోయారు. 2023 జనవరిలో మా రాంగోపాల్‌పేట్ పరిధిలోనే, నల్లగుట్ట దగ్గర సరుకుతో నిండిన భవనం తగలబడి, లోపలికి వెళ్లిన ముగ్గురు పనివాళ్లు తిరిగి రాలేదు. ఆ పొగ మా గల్లీ దాకా వచ్చింది. అందుకే చార్జింగ్ సెల్లార్లలో వద్దు, గాలి ఆడే ఖాళీ జాగాలో పెట్టించండి. మా భవనాల పాత వైరింగును ముందు తనిఖీ చేయించండి. కాలిన వాసన వచ్చే స్విచ్‌బోర్డులతో కాలం నెట్టుకొస్తున్న దుకాణాలు మా దగ్గర ఉన్నాయి. లూజు కనెక్షను దగ్గర వేడి పుడుతుంది, వేడితో కరెంటు వృథా అవుతుంది, ఒక రోజు అదే నిప్పవుతుంది. కరెంటు పొదుపు, ప్రాణ రక్షణ మా గల్లీలో విడివిడి పనులు కావు.

ఈ అడిగినవాటిలో మాకు ఊరికే వచ్చేది ఏదీ లేదు. మా వాటా మేం పెట్టుకుంటాం, మా లాభంలో కొంత వదులుకుంటాం. మీరు చేయాల్సింది, ఖర్చు పెట్టేవాడినీ మిగుల్చుకునేవాడినీ ఒకచోట కూర్చోబెట్టడం. అది ప్రభుత్వం ఒక్కటే చేయగలదు.

మా పేటకు పేరిచ్చిన దివాన్ బహద్దూర్ సేఠ్ రాంగోపాల్ గారు ఒక వ్యాపారి. జేమ్స్ స్ట్రీట్‌లో ఆయన కట్టించి ఇచ్చిన పోలీస్ స్టేషన్ గడియారం ఏళ్ల తరబడి దారిన పోయేవాళ్లకు టైము చెప్పింది. తన దుకాణానికి పనికొచ్చే గడియారం లోపల గోడకు పెట్టుకోవచ్చు. ఆయన వీధిలో పెట్టించాడు. వ్యాపారి అన్నవాడు బజారుకు ఏమివ్వాలో ఈ పేటలో మాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

జనగామ రైతు ఆ రోజు చివరికి సస్త మోటారే తీసుకున్నాడు. ఎంత చెప్పినా ఆయన జేబులో ఉన్నది అంతే. ట్రాలీలో ఎక్కించి పంపాను. ఇప్పుడు ఆ మోటారు ఆయన బోరులో తిరుగుతూనే ఉంటుంది. అది నా చేతి మీదుగా వెళ్లింది. వచ్చే ఎండాకాలం అలాంటి మనిషి నా కౌంటరు ముందు నిలబడేలోపు, రెండు మోటార్ల ధరల మధ్య ఉన్న నాలుగైదు వేల తేడాను నింపే కాగితం ఒకటి నా చేతిలో పెట్టండి. ఫైవ్ స్టార్ పంపు నేనే ట్రాలీ ఎక్కిస్తాను.

ఇట్లు,
రాంగోపాల్‌పేట్ రాణిగంజ్‌లో మోటార్ల దుకాణం నడుపుకునే ఒక వ్యాపారి